రాజ్యసభ సీట్ల సంఖ్య ఎవరు, ఎలా నిర్ణయిస్తారు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజ్యసభ ఎన్నికల నోటిఫికేషన్ పడిందంటే చాలు, అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. గ్రూప్స్‌కి చదివే పిల్లలు అడుగుతారు. టీవీ చర్చ చూసి మా బావగారు ఫోన్ చేస్తారు. ఒకసారి నా చేతికొచ్చిన పోటీ పరీక్షల పుస్తకంలో, విభజన జరిగి ఐదేళ్లయినా, ఆంధ్రప్రదేశ్‌కి 18 సీట్లు అనే అచ్చయి ఉంది. ఆ రోజు నుంచి ఈ జవాబులు రాసి పెట్టుకుంటున్నాను. ఎక్కడ తెరిచినా అర్థమయ్యేలా రాశాను కాబట్టి కొన్ని అంకెలు రెండు మూడుచోట్ల కనిపిస్తాయి, విసుక్కోకండి.

## మొదట్లో వచ్చే సందేహాలు

రాజ్యసభ సీట్లు 250 అని ఒకరంటారు, 245 అని ఇంకొకరంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. 250 అనేది హద్దు, 245 అనేది ఇప్పుడున్న లెక్క. రాజ్యాంగం 80వ అధికరణ ప్రకారం రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి 238 మందికి మించి ఉండకూడదు. రాష్ట్రపతి నామినేట్ చేసేవారు 12 మంది. కలిపితే 250. కానీ రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు నిజంగా కేటాయించినవి 233 మాత్రమే. 233కి 12 కలిపితే 245. పరీక్షలో ప్రశ్న చదివేటప్పుడు ‘గరిష్ఠంగా’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి, మార్కు పోయేది అక్కడే.

ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో ఎక్కడ రాసి ఉంటుంది?

రాజ్యాంగం నాలుగో షెడ్యూలులో. రాజ్యాంగం పుస్తకం దగ్గరుంటే ఒకసారి తెరిచి చూడండి. ఇంత చర్చకు మూలమైనది అంత చిన్న పట్టికా అని ఆశ్చర్యం వేస్తుంది. ఒకవైపు రాష్ట్రం పేరు, ఇంకోవైపు అంకె, అంతే. ఆంధ్రప్రదేశ్ 11, తెలంగాణ 7, తమిళనాడు 18, కర్ణాటక 12, మహారాష్ట్ర 19, ఉత్తరప్రదేశ్ 31, సిక్కిం 1. ఇలా సాగి చివర్లో మొత్తం 233. అందులో సూత్రం లేదు, ఏ సంవత్సరం జనాభా లెక్కో లేదు. రాజ్యసభ సీట్ల గొడవ అర్థం కావాలంటే గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: చట్టంలో ఉన్నది జాబితా, లెక్క కట్టే పద్ధతి కాదు.

కేంద్రపాలిత ప్రాంతాలన్నిటికీ సీట్లున్నాయా?

లేవు. శాసనసభ ఉన్న మూడింటికే ఉన్నాయి: ఢిల్లీకి 3, పుదుచ్చేరికి 1, జమ్మూకశ్మీర్‌కి 4. చండీగఢ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్, లడఖ్, దాద్రా నగర్ హవేలీ-డామన్ డయ్యూలకు రాజ్యసభలో ప్రతినిధి లేరు. అక్కడ ఓటు వేసే ఎమ్మెల్యేలే లేరు మరి.

నామినేట్ అయిన 12 మంది ఏదో ఒక రాష్ట్రం కోటాలోకి వస్తారా?

రారు. సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, సమాజసేవ రంగాల నుంచి రాష్ట్రపతి ఎంపిక చేస్తారు. 1997లో సి. నారాయణరెడ్డి గారు, 2022లో వి. విజయేంద్రప్రసాద్ గారు అలా వెళ్లినవారే. వాళ్లు తెలుగువాళ్లు కాబట్టి మన సీట్లు ఒకటి పెరిగినట్టూ కాదు, తగ్గినట్టూ కాదు. ఇంకో మాట: నామినేటెడ్ సభ్యులు ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేయవచ్చు, రాష్ట్రపతి ఎన్నికలో వేయకూడదు.

## ఆ అంకెలు ఎలా వచ్చాయి

11, 7, 31... ఈ అంకెలకు ఒక లెక్కంటూ ఉందా?

ఉండేది. మొదటి 50 లక్షల జనాభాకు 10 లక్షలకొక సీటు చొప్పున 5. ఆపైన ప్రతి 20 లక్షలకు ఒకటి, చివర మిగిలిన ముక్క 10 లక్షలు దాటితే దానికీ ఒకటి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఏడో సవరణతో నాలుగో షెడ్యూలును కొత్తగా రాశారు. అప్పటికి చేతిలో ఉన్నవి 1951 జనాభా లెక్కలు.

మనమే ఒకసారి వేసి చూద్దాం. 1956 నాటి ఆంధ్రప్రదేశ్ హద్దుల్లో 1951 జనాభా సుమారు 3.1 కోట్లు. మొదటి 50 లక్షలకు 5 సీట్లు. మిగిలిన 2.6 కోట్లను 20 లక్షలతో భాగిస్తే 13. మొత్తం 18. ఉత్తరప్రదేశ్‌ది సుమారు 6.3 కోట్లు: 5, దానిపైన 29, మొత్తం 34. ఉత్తరాఖండ్ విడిపోకముందు ఆ రాష్ట్రానికి ఉన్నవి సరిగ్గా 34. కాగితం మీద పెన్సిల్‌తో ఈ లెక్క తేలినప్పుడు, పాత తాళానికి తాళంచెవి దొరికినంత తృప్తిగా ఉంటుంది.

జనాభా లెక్కలు వచ్చినప్పుడల్లా వీటిని మార్చరా?

మార్చరు. లోక్‌సభ విషయంలో ప్రతి జనగణన తర్వాత సర్దుబాటు చేయాలని 82వ అధికరణ చెబుతుంది. 1976లో 42వ సవరణ, 2001లో 84వ సవరణ ఆ సర్దుబాటును వాయిదా వేశాయి. రాజ్యసభకు అసలు అలాంటి ఆదేశమే లేదు. వాయిదా వేయడానికైనా ఏదో ఒకటి ఉండాలి కదా. 1951 నాటి లెక్కతో రాసిన అంకెలు, రాష్ట్రాలు చీలినప్పుడు చీలుతూ, అలాగే వస్తున్నాయి.

అదే సూత్రాన్ని 2011 జనాభాకు వేస్తే మనకెన్ని వస్తాయి?

తెలంగాణ జనాభా 3.5 కోట్లు. 5, దానిపైన 15, మొత్తం 20 సీట్లు. ఆంధ్రప్రదేశ్ సుమారు 4.94 కోట్లు. 5, దానిపైన 22, మొత్తం 27. భలే ఉందే అనుకునేలోపు ఉత్తరప్రదేశ్ వైపు చూడండి. దాదాపు 20 కోట్ల జనాభాకు 102 సీట్లు వస్తాయి. 238 హద్దు ఎక్కడికక్కడ తెగిపోతుంది. పాత సూత్రాన్ని మళ్లీ వాడాలని ఎవరూ గట్టిగా పట్టుబట్టకపోవడానికి ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం. మన వాటా పెరగాలని మొదలుపెడితే, పక్కవాడి వాటా అంతకు మించి పెరుగుతుంది.

ఇప్పుడున్న లెక్కలో ఒక్కో సీటుకు ఎంత జనాభా వస్తుందో కూడా చూడండి. 2011 అంకెలతో ఉత్తరప్రదేశ్‌లో సీటుకు 64 లక్షలు, బీహార్‌లో 65 లక్షలు, తెలంగాణలో 50 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 45 లక్షలు, తమిళనాడులో 40 లక్షలు, కేరళలో 37 లక్షలు. సిక్కింలో 6 లక్షల పైచిలుకు. అంటే 1951 జాబితా కదలకుండా ఉండటం వల్ల దక్షిణాదికి జరిగింది మేలే.

రాష్ట్రాల సభ అంటున్నారు కదా, అన్ని రాష్ట్రాలకూ సమానంగా ఎందుకివ్వలేదు?

అమెరికా సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికి 2 చొప్పున 100 మంది. ఆస్ట్రేలియాలో ఒక్కో రాష్ట్రానికి 12, రెండు టెరిటరీలకు రెండేసి, మొత్తం 76. అక్కడ విడివిడిగా ఉన్న రాష్ట్రాలు షరతులు మాట్లాడుకుని కలిశాయి. చిన్నవి సమాన వాటా అడిగి తీసుకున్నాయి. మన రాష్ట్రాలు అలా బేరమాడి చేరినవి కావు. వాటి హద్దులు గీసేదీ చెరిపేదీ పార్లమెంటే. అందుకే జనాభాను చూస్తూనే, మొదటి 50 లక్షల దగ్గర చిన్న రాష్ట్రాలకు కాస్త మొగ్గు చూపే మధ్యేమార్గం ఎంచుకున్నారు. జనాభాతో నిమిత్తం లేకుండా సమాన సీట్లివ్వాలని 2010లో కేంద్ర-రాష్ట్ర సంబంధాలపై వేసిన పూంఛీ కమిషన్ సిఫారసు చేసింది. అది సిఫారసుగానే ఉండిపోయింది.

1956కి ముందు తెలుగు ప్రాంతాలకు ఎన్ని సీట్లు?

1952లో తొలి రాజ్యసభ ఏర్పడేనాటికి తెలుగువాళ్లు రెండుచోట్ల ఉన్నారు. మద్రాసు రాష్ట్రానికి 27 సీట్లు, హైదరాబాద్ రాష్ట్రానికి 11. రెండింటిలోనూ తెలుగువాళ్లతోపాటు ఇతర భాషలవాళ్లూ ఉన్నారు కాబట్టి ‘తెలుగు సీట్లు’ ఇన్ని అని కోసి చెప్పలేం. అప్పటి సభలో మొత్తం 216 మంది. ‘రాజ్యసభ’ అన్న పేరు కూడా 1954 ఆగస్టులో పెట్టిందే.

## మార్చాలంటే

సీట్ల సంఖ్య మార్చడానికి రాజ్యాంగ సవరణ కావాలా, మామూలు చట్టం చాలా?

ఎందుకు మారుస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే.

కొత్త రాష్ట్రం ఏర్పరుస్తూనో, హద్దులు మారుస్తూనో చేసే చట్టమైతే సాధారణ మెజారిటీ చాలు. ఆ చట్టంలోనే మొదటి, నాలుగో షెడ్యూళ్లకు కావాల్సిన మార్పులు ఉండాలని, దాన్ని 368వ అధికరణ కింద రాజ్యాంగ సవరణగా లెక్కించకూడదని 4వ అధికరణ చెబుతుంది. 2014 విభజన చట్టం ఈ దారిలో వచ్చిందే. బిల్లును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరి 30న మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. అయినా పార్లమెంటు ఫిబ్రవరిలో ఆమోదించగలిగింది. శాసనసభను అభిప్రాయం అడగాలి, కానీ దాని ఒప్పుదల అక్కర్లేదు.

హద్దులేవీ మారకుండా, ఫలానా రాష్ట్రానికి 2 సీట్లు పెంచుదాం అనుకుంటే మాత్రం దారి నిటారుగా ఉంటుంది. పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యాన్ని మార్చే సవరణ కాబట్టి, ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. తర్వాత కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు ఆమోదించాలి. 238 దాటాలంటే 80వ అధికరణనే తిరగరాయాలి. ఉన్న 233కి, ఆ హద్దుకి మధ్య ఖాళీ 5 మాత్రమే.

కొత్త పార్లమెంటు భవనంలో రాజ్యసభకు 384 కుర్చీలు వేశారు కదా, సీట్లు పెరుగుతున్నట్టేగా?

కుర్చీలు వేసింది భవిష్యత్తు దృష్టితో. సీట్లు ఇచ్చేది నాలుగో షెడ్యూలు. 2023లో భవనం ప్రారంభమైనప్పుడు షెడ్యూలులో ఒక్క అంకె కూడా మారలేదు. పెళ్లికి పెద్ద హాలు మాట్లాడుకున్నంత మాత్రాన చుట్టాలు పెరగరు.

అసెంబ్లీ సీట్లు ఏపీలో 225, తెలంగాణలో 153 అయితే రాజ్యసభ సీట్లూ పెరుగుతాయా?

పెరగవు. ఆ పెంపు మాట 2014 విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఉంది, అది అసెంబ్లీల వరకే. రాజ్యసభలో 11, 7 అలాగే ఉంటాయి. మారేదల్లా ఒక్కొక్కరు గెలవడానికి కావాల్సిన ఎమ్మెల్యేల సంఖ్య.

రాజ్యసభలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఉందా?

లేదు. మహిళలకు రిజర్వేషన్ ఇస్తూ 2023లో వచ్చిన 106వ సవరణ లోక్‌సభకు, రాష్ట్రాల శాసనసభలకు, ఢిల్లీ శాసనసభకు మాత్రమే.

## విభజన తర్వాత

18 సీట్లను 11, 7గా పంచడంలో మనం నష్టపోయామా?

రెండు రాష్ట్రాల్లోనూ ఈ ప్రశ్న అడుగుతారు, అదే విచిత్రం. 2011 జనాభా నిష్పత్తితో 18ని పంచి చూడండి. తెలంగాణకు 7.45, ఆంధ్రప్రదేశ్‌కు 10.55 వస్తుంది. దగ్గరి అంకెకు సర్దితే 7, 11. అన్నదమ్ములు ఉన్న పొలంలోనే గట్టు వేసుకున్నట్టు జరిగింది. షెడ్యూలులో ఆంధ్రప్రదేశ్ ఎదురుగా 18 కొట్టేసి 11 వేశారు, తెలంగాణ అన్న కొత్త వరుస చేర్చి 7 రాశారు. మొత్తం 233 చెక్కుచెదరలేదు.

2000లోనూ ఇదే తీరు. బీహార్ 22లో జార్ఖండ్‌కు 6 పోగా 16 మిగిలాయి. మధ్యప్రదేశ్ 16లో ఛత్తీస్‌గఢ్‌కు 5 పోగా 11. ఉత్తరప్రదేశ్ 34లో ఉత్తరాఖండ్‌కు 3 పోగా 31. పాత సూత్రంతో విడివిడిగా లెక్క కడితే ప్రతి కొత్త రాష్ట్రానికీ ‘మొదటి 50 లక్షల’ మొగ్గు దక్కి మొత్తం పెరగాలి. అలా చేయలేదు. సభ మొత్తం సంఖ్య చివరిసారి పెరిగింది 1987లో, గోవా రాష్ట్రమై 1 సీటు పొందినప్పుడు.

విభజన రోజున ఉన్న రాజ్యసభ ఎంపీల్లో ఎవరు ఏ రాష్ట్రానికి వెళ్లాలో ఎలా తేల్చారు?

లాటరీ వేసి. పదవీకాలం ముగిసే సంవత్సరాన్ని బట్టి బృందాలుగా చూసి, 2014 మే చివర్లో రాజ్యసభ ఛైర్మన్ సమక్షంలో డ్రా తీశారు. చీటీలకు ప్రాంతీయాభిమానం ఉండదు కదా! తెలంగాణ ఉద్యమంలో ముందున్న కె. కేశవరావు గారు ఆంధ్రప్రదేశ్ సభ్యుడయ్యారు. కె.వి.పి. రామచంద్రరావు గారు, సి.ఎం. రమేశ్ గారు తెలంగాణ ఖాతాలోకి వెళ్లారు. ఆ పదవీకాలం ముగిసేదాకా రికార్డుల్లో అలాగే కొనసాగారు. పాత జాబితాలు తిరగేసేటప్పుడు అచ్చుతప్పేమో అనిపిస్తుంది, కాదు.

## ఎన్నికల వేళ

రాజ్యసభకు గెలవాలంటే ఎంతమంది ఎమ్మెల్యేలు కావాలి?

ఆ విడతలో ఎన్ని సీట్లకు ఎన్నిక జరుగుతోందో దాన్ని బట్టి మారుతుంది. ఒకటి కంటే ఎక్కువ సీట్లుంటే ఒక్కో ఓటు విలువను 100గా తీసుకుంటారు. మొత్తం విలువను సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి భాగిస్తారు, వచ్చినదానికి 1 కలుపుతారు.

ఏపీలో 175 మందీ ఓటేస్తే మొత్తం 17500. 4 సీట్లయితే 5తో భాగించి 3500, ఒకటి కలిపితే 3501. మొదటి ప్రాధాన్య ఓట్లు (బ్యాలెట్‌పై పేరు ఎదురుగా 1 అని వేసినవి) 35 పడితే 3500, ఒక్క పాయింటు తక్కువ. 36 కావాలి. అదే 3 సీట్లయితే 4376, అంటే 44 మంది. తెలంగాణలో 119 మందితో 3 సీట్లయితే 30, 2 సీట్లయితే 40. పార్టీలు ఈ లెక్క ముందే వేసుకుని సరిపడా అభ్యర్థులనే దింపుతాయి. అందుకే చాలాసార్లు పోలింగ్ దాకా వెళ్లకుండా ఏకగ్రీవమైపోతుంది.

ఉప ఎన్నికలో లెక్క వేరేగా చెబుతున్నారేమిటి?

నిజంగానే వేరు. రాజీనామాతోనో మరణంతోనో ఖాళీ అయిన సీటుకు విడిగా ఎన్నిక పెడతారు. ఒకే సీటు కాబట్టి ఓటు విలువ 1. ఏపీలో 175ని 2తో భాగించి, శేషం వదిలేసి, 1 కలిపితే 88. మామూలు విడతలో 36 మందితో గెలిచే సీటుకు ఇక్కడ 88 మంది కావాలి. అంటే అధికార పక్షానిదే పైచేయి. గెలిచినవారికి మిగిలిన కాలమే దక్కుతుంది, పూర్తి ఆరేళ్లు కాదు.

11ని మూడుతో భాగిస్తే సరిగ్గా రాదు కదా, రెండేళ్లకోసారి మూడోవంతు ఎలా దిగిపోతారు?

మూడోవంతు నియమం మొత్తం సభకు, రాష్ట్రానికి కాదు. అది కూడా ‘వీలైనంత దగ్గరగా’ అనే 83వ అధికరణ అంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 4, 4, 3గా ఖాళీ అవుతాయి: 2020లో 4, 2022లో 4, 2024లో 3. తెలంగాణలో అవే సంవత్సరాల్లో 2, 2, 3.

వేరే రాష్ట్రంవాళ్లు మన సీటు నుంచి వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. 2003 దాకా ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలన్న నిబంధన ఉండేది. ఆ ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి దాన్ని తీసేశారు. 2006లో సుప్రీంకోర్టు, కులదీప్ నయ్యర్ వేసిన కేసులో, ఆ సవరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. 2016లో మహారాష్ట్రకు చెందిన సురేశ్ ప్రభు, 2020లో పరిమళ్ నత్వానీ ఆంధ్రప్రదేశ్ నుంచే ఎన్నికయ్యారు. రాష్ట్రానికి ఇన్ని సీట్లని షెడ్యూలులో ఇంత పట్టుదలగా రాసుకుని, అందులో కూర్చునేవారికి ఆ రాష్ట్రంతో సంబంధం అక్కర్లేదనడం నాకైతే మింగుడుపడదు. చట్టం మాత్రం అదే.

## సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు

కొన్ని సీట్లు ఖాళీగా ఉంటే మెజారిటీ అంకె తగ్గుతుందా?

మామూలు బిల్లుకు హాజరై ఓటేసినవారిలో సగానికి పైగా ఉంటే చాలు, కాబట్టి ఖాళీలు ఉంటే కావాల్సిన ఓట్లు తగ్గుతాయి. రాజ్యాంగ సవరణకు అలా కుదరదు. మొత్తం సభ్యత్వంలో సగానికి పైగా రావాలి. ఖాళీలున్నా లేకున్నా మొత్తం 245గానే లెక్క, అంటే కనీసం 123 ఓట్లు. దానికి తోడు ఓటేసినవారిలో మూడింట రెండొంతులు.

అసెంబ్లీ రద్దయి ఉంటే ఆ రాష్ట్రం సీట్ల సంగతేమిటి?

సీట్లు రద్దు కావు. ఉన్న సభ్యులు తమ ఆరేళ్లూ కొనసాగుతారు. వాళ్ల గడువు ముగిస్తే మాత్రం, ఓటేసే ఎమ్మెల్యేలు లేక, సీటు ఖాళీగా ఉండిపోతుంది. జమ్మూకశ్మీర్‌లో అదే జరిగింది. 2021 ఫిబ్రవరిలో నలుగురి పదవీకాలమూ ముగిసింది. శాసనసభ మళ్లీ ఏర్పడ్డాక 2025 అక్టోబరులో గానీ ఎన్నిక జరగలేదు. నాలుగున్నరేళ్లకు పైగా షెడ్యూలులో 4 అన్న అంకె ఉంది, సభలో ఆ నాలుగు కుర్చీల్లో ఎవరూ లేరు.